తయారు చేసినవారి పేరు

తొమ్మిదింటికల్లా అయిపోవలసిన పనులు: అత్తగారికి అంబలి, బీపీ మాత్ర. పిల్లకి క్యారేజీ. కరెంటు పోకముందే పై ట్యాంకులోకి నీళ్లు. ప్రభుకుమార్ చొక్కా ఇస్త్రీ. మధ్యాహ్నానికి పదిమందికి అన్నం, పప్పుచారు, వంకాయ కూర. మేడమీద కంప్యూటర్లు తుడిచి ఆన్ చెయ్యడం. మూడోరోజు పాఠం ఆరు కాపీలు తియ్యడం. ఆ పాఠం ప్రభుకుమార్‌కి అర్థమయ్యేదాకా చెప్పడం.

చివరి పనికే కృపాజ్యోతికి ఎక్కువ సమయం పట్టేది.

అది రెండువేల ఏడో సంవత్సరం. నర్సీపట్నంలో ఆమె భర్త ప్రభుకుమార్ మేడమీద టైపింగ్, ట్యాలీ నేర్పే ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. తొమ్మిది ఊళ్లలో ఆఫీసులున్న ఒక జీడిపప్పు కంపెనీ, అన్ని ఆఫీసుల కాగితాలూ ఒక్కచోట తిరిగే కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నది. కొంటే సరిపోదు. ఫారాలు, మంజూర్లు, ఏ కాగితం ఎవరి నుంచి ఎవరికి వెళ్లాలో ఆ దారులు, అన్నీ అందులో తయారు చేసుకోవాలి. అది నేర్పమని తమ ప్రోగ్రామర్లను ఆరుగురిని పంపింది. ఆర్డరు ప్రభుకుమార్ పేరు మీద వచ్చింది. సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన దిండంత పుస్తకం మూడు నెలలు పొయ్యి పక్కన పెట్టుకుని చదివింది మాత్రం జ్యోతి. తన ఇంటివైపు డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. చదువు చేతిలో పెడితే వదలడం ఆమెకు తెలియదు.

శనివారానికి ఆ ఆరుగురూ సాఫ్ట్‌వేర్‌లో సెలవు దరఖాస్తు తయారు చేసి చూపిస్తే, విశాఖపట్నంలో నాలుగు వారాల పెద్ద బ్యాచ్ కూడా అదే ట్రైనరుకి ఇస్తామన్నారు కంపెనీవాళ్లు. ఆ బ్యాచ్‌కి తనే పాఠం చెప్పాలని జ్యోతి మనసులో ఉండేది. బయటికి అనలేదు.

క్లాసులో ప్రభుకుమార్ బోర్డు దగ్గర మాట్లాడేవాడు. జ్యోతి వెనక కూర్చుని తెరమీద చేసి చూపించేది. మొదటిరోజే ఆమెను పరిచయం చేశాడు. "మా మిసెస్. టైపింగ్ స్పీడు బాగుంటుంది."

మూడోరోజు సెలవు దరఖాస్తు సిద్ధమైంది. ఆరుగురిలో ఒకరైన కృష్ణదేవిపేట అమ్మాయి సాయిలక్ష్మి తన మెషీను నుంచి పంపింది. అది వాళ్లలోనే ఆఫీసరు వేషం కట్టిన మత్స్యలింగానికి చేరాలి. చేరలేదు. తిరిగి ఆమె దగ్గరికే వచ్చింది. తెరమీద రెండు వరుసలు. అడిగినవారు: ప్రభుకుమార్. మంజూరు చేసినవారు: ప్రభుకుమార్.

"బాగుందండి సార్," అన్నాడు మత్స్యలింగం. "మీ సెలవుకి మీరే సంతకం పెట్టీసుకున్నారు. అలాటి ఉద్యోగమేదో మాకూ సూడండి."

అందరూ నవ్వారు. ప్రభుకుమార్ వైర్లు చూడాలన్నాడు. ఇంతలో ఫోను వచ్చిందని కిందికి వెళ్లాడు.

తప్పు ఎక్కడుందో జ్యోతికి తెలుసు. ఆ ఇంట్లో గ్యాసు పుస్తకం, ఫోను, కరెంటు మీటరు అన్నీ ఒక్క పేరు మీదే. అదే అలవాటున కంప్యూటర్లన్నింటికీ కూడా ఒక్క పేరే చాలన్నాడు ప్రభుకుమార్. ఇంటికి ఒక తాళం చాలదేటి అన్నాడు. అలా కుదరదని పుస్తకం రెండో అధ్యాయంలోనే ఉంది. చదివి కూడా ఊరుకుంది. భర్త మాటకు ఎదురు చెప్పడం కన్నా తప్పుగా చెయ్యడమే ఆమెకు అలవాటు.

లేచి బోర్డు దగ్గరికి వెళ్లింది. "కాగితం చేతులు మారాలంటే ముందు ఎవరి చెయ్యి వాళ్లకుండాలి," అని ఆరుగురి పేర్లతో ఆరు ఖాతాలు ఎలా తెరవాలో చేసి చూపించింది.

సాయిలక్ష్మి తెర వంక చూస్తూ అడిగింది. "మీ పేరు లేదేటండి మేడమ్?"

జ్యోతి ఏడో పేరు కొట్టింది.

ఈసారి దరఖాస్తు సాయిలక్ష్మి దగ్గర బయల్దేరి మత్స్యలింగం తెరమీద తేలింది. మధ్యలో ప్యూను లేడు, బల్ల కింద ఫైలు లేదు. ఎవరు పంపారో, ఏ నిమిషంలో పంపారో కిందే ఉంది. పుస్తకంలో చదివిందే. ఇప్పుడు కళ్లముందు జరిగింది. జ్యోతి తను మూడు నెలలుగా తయారు చేసిన ఫారాలన్నీ ఉన్న పేజీ తెరిచింది. ప్రతి ఫారం కిందా ఒక చిన్న వరుస. తయారు చేసినవారు: ప్రభుకుమార్. మెషీను అబద్ధం చెప్పలేదు. ఇచ్చిన పేరే రాసుకుంది. పరలోకంలో ఒక పుస్తకముందనీ, అందులో మనుషుల పేర్లు రాసి ఉంటాయనీ పాస్టరుగారు చెప్పినప్పుడల్లా, అక్కడ కూడా భర్త పేరు రాసి, కింద భార్య అని ఉంటుందేమో అనుకునేది. పెళ్లయిన ఈ పదకొండేళ్ల చారుకీ, ఉతికిన దుప్పట్లకీ, వేళకి వేసిన మాత్రలకీ కింద ఇలాంటి వరుస ఒకటుంటే? ఎంత పొడుగు పేజీ అయ్యేది. ఒక ఫారం విప్పి, ఒక్క గడి సరిచేసి మూసింది. కింద కొత్త వరుస పడింది. మార్చినవారు: కృపాజ్యోతి. చర్చిలో మొదటిసారి పాట అందుకున్న పిల్లలాగా దాన్ని చూస్తూ నిలబడిపోయింది.

శనివారం సాయంత్రం కంపెనీ నుంచి మెయిలొచ్చింది. దరఖాస్తు బాగుందట. విశాఖపట్నం ట్రైనరు పేరు పంపమన్నారు.

"నా పేరు కొట్టీ బేగి," అన్నాడు ప్రభుకుమార్. "నువ్వు ఎనకాల కూర్చుందువుగాని."

మెట్ల మీంచి అత్తగారు అందుకున్నారు. "నాలుగు వారాలు ఇల్లెవలు సూస్తారమ్మా? కంపీటరు అన్నం వండుతాదేటి?"

జ్యోతి తన పేరు కొట్టింది. పక్కన బి.ఎస్సీ. అని చేర్చింది. పంపాక భర్త వైపు తిరిగింది.

"నేనెళ్తున్నానండి. ఎనకాల ఎవరూ కూర్చోనక్కర్లేదు."

ఆ తర్వాత ఆమె ఎన్నో బ్యాచ్‌లకు పాఠం చెప్పింది. ఆమె పేరు తెలిసినవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. సాయిలక్ష్మి ఆ ఏడాదే ఉద్యోగం మాని వెళ్లిపోయింది. ఏ ఊళ్లో ఉందో, ఏ ఇంటి పని చేస్తోందో ఎవరికీ తెలియదు. జ్యోతిని మరిచిపోయినా ఫరవాలేదు. పదకొండేళ్లలో ఆ ఇంట్లో జ్యోతి పేరేదని అడిగిన మొదటి మనిషి, కృష్ణదేవిపేట సాయిలక్ష్మి. ఆమెను గుర్తుంచుకోండి.