జాగాన్వేషణ

నేను ఒక కారును. గొప్ప కారును కాదు. నలుగురు కూర్చున్నాక అయిదోవాడి సంగతి అయిదోవాడే చూసుకోవాల్సినంత చిన్న కారును. ఒకప్పుడు నా రంగు తెలుపు. ఇప్పుడేం రంగని అడిగితే నేను కూడా కాస్త ఆలోచించి చెప్పాలి. తిరగడానికే పుట్టాననుకునేదాన్ని. తిరగడం తేలికేననీ, ఆగడమే కష్టమనీ గుంటూరు వచ్చాక తెలిసింది.

పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన, ఒక పెద్ద ఫ్యాక్టరీలో. ఒకరు తలుపులు తగిలించారు, ఒకరు చక్రాలు బిగించారు, చివర్లో ఒకాయన ముందు అద్దం పెట్టి మెత్తటి గుడ్డతో తుడిచాడు. అంత శ్రద్ధగా మళ్ళీ ఎవరూ నన్ను తుడవలేదు. నా మొదటి యజమాని మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. శాంపిల్ మిరపకాయల సంచులన్నీ నా డిక్కీలోనే పడేసేవాడు. ఈ రోజుకీ ఏసీ వేస్తే వెనక సీట్లోవాళ్ళు తుమ్ముతారు. ఆయన పెద్ద కారు కొనుక్కుని నన్ను డ్రైవింగ్ స్కూలుకు అమ్మేశాడు. అక్కడ పడ్డ పాట్లు పగవాళ్ళకు కూడా వద్దు. బ్రేకు తొక్కమంటే హారన్ కొట్టేవాళ్ళు, హారన్ కొట్టమంటే కళ్ళు మూసుకునేవాళ్ళు. అప్పటికే సగం ప్రాణం పోయిన నన్ను పాండురంగారావు గారు కొన్నారు.

ఆయన ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగి. భార్య వకుళ హైస్కూల్లో తెలుగు టీచరు. బ్రాడీపేటలో, రెండు ఆటోలు ఎదురైతే ఒకటి దణ్ణం పెట్టి వెనక్కి పోవాల్సిన సందులో, అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు. ఆ ఇంటికి అన్నీ ఉన్నాయి, నాకు చోటు తప్ప. సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వస్తూ ఆవిడను స్కూలు దగ్గర ఎక్కించుకునేవారు. అక్కడి నుంచి మొదలయ్యేది మా తిరుగుడు. ఈ లైను, ఆ లైను, ఆ అడ్డరోడ్డు, మళ్ళీ ఈ లైను. డాక్టర్లూ మెడికల్ షాపులూ కోచింగ్ సెంటర్లూ ఉన్న పేట అది. ఊళ్ళో రోగులందరూ విద్యార్థులందరూ మాకంటే ముందే వచ్చి అక్కడ బళ్ళు పెట్టేసేవాళ్ళు.

మొదటి మాట ఎలా పుట్టిందో నాకు బాగా గుర్తుంది. ఒక పెళ్ళికి వెళ్తున్నాం. చీర కట్టుకోవడం ఆలస్యమైందని ఆయనకు కోపం. ఆ కోపం చూసి ఆవిడకు కోపం. దారంతా ఒక్క మాట లేదు. కల్యాణ మండపం చుట్టూ తిరుగుతున్నాం, తిరుగుతున్నాం, సూది మోపేంత ఖాళీ లేదు. ఉండబట్టలేక ఆవిడే నోరు విప్పింది.

"ఈ జాగాన్వేషణ ఇంకా ఎంతసేపండీ? ఇట్టా తిరుగుతుంటే అప్పగింతలు కూడా అయిపోతాయి."

ఆయన నవ్వాపుకుందామని చూశారు గానీ వల్ల కాలేదు. "జాగాన్వేషణా! భలే పెట్టావు వకుళా పేరు," అంటూ స్టీరింగ్ మీద ఒక్కటి చరిచారు. హారన్ మోగింది. ముందున్న పెళ్ళివారు ఉలిక్కిపడి పక్కకు జరిగారు.

అప్పటి నుంచి నా లోపల మాటలు మొలవడం మొదలైంది. దూరానికి ఖాళీగా కనిపించి, తీరా దగ్గరికి వెళ్తే లోపల స్కూటరు నక్కి ఉండే చోటును ఆవిడ 'ఖాళీభ్రమ' అంది. తాళాలు వేలికి తిప్పుకుంటూ వచ్చి, ఇప్పుడే వెళ్ళిపోతాడని మనకు ఆశ పెట్టి, కారులోంచి టిఫిన్ బాక్సు తీసుకుని మళ్ళీ లోపలికి పోయే మనిషి 'తాళంధరుడు'. మనం ఎప్పటి నుంచో కాచుకున్న చోటులోకి వెనక నుంచి దూరిపోయేవాడు 'రివర్సాసురుడు'. రోడ్డు తన సొంతమన్నట్టు ఇంటి ముందు పూలకుండీ పెట్టుకోవడం 'కుండీకబ్జా'. రెండు బళ్ళ చోటులో ఒక్క బండి ఏటవాలుగా పడేసి పోయే పెద్దమనిషి 'అడ్డదిడ్డయ్య'. ఇవన్నీ దాటుకుని చివరికి చెట్టు నీడన నిండు చోటు దొరికితే, ఆ సుఖం పేరు 'జాగానందం'.

ఆయన కట్టిన మాటలకు ఆవిడ టీచరమ్మలా వంకలు పెట్టేది. "సంధి కుదరలేదండీ," అనేది.

"ఇక్కడ కారే కుదరట్లేదు, సంధి కుదరకపోతే ఏమైందిలే," అనేవారాయన.

నేను చాలామంది మనుషులను మోశాను. నాకు అర్థమైంది ఒకటే. వాళ్ళు ఎదురెదురుగా కూర్చుంటే మాట్లాడుకోలేరు. ఒకే వైపు చూస్తూ పక్కపక్కన కూర్చుంటే అన్నీ చెప్పుకుంటారు. ఆ మాటల ఆట మధ్యలోనే ఆఫీసులో తనకు జరిగిన అవమానం ఆయన చెప్పారు. చిన్నప్పుడు పాడేదాన్నని, అత్తగారింట్లో ఎవరూ అడగలేదని మానేశానని ఆవిడా చెప్పింది. ఇంట్లోకి వెళ్తే ఆయనకు టీవీలో వార్తలు, ఆవిడకు పేపర్లు దిద్దుకోవడం. వాళ్ళ కాపురంలో మాటలన్నీ నా చక్రాల మీదే నడిచేవి.

అలాంటి వాళ్ళు ఒక పొరపాటు చేశారు. ఫ్లాటు కొన్నారు. అందులో నాకు పార్కింగ్ కూడా కొన్నారు.

విద్యానగర్‌లో కొత్త అపార్ట్‌మెంటు. కింద స్తంభానికి ఫ్లాటు నంబరు, నేల మీద పసుపు గీతలు. నా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నన్ను ఆ గీతల మధ్యకు ప్రవేశపెట్టారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "ఇక మనకు తిరుగుడు లేదు వకుళా," అన్నారు. నాకూ సంతోషమే. నీడ ఉంది, దుమ్ము లేదు, కాకి లేదు.

కొన్ని నెలలు గడిచాక తెలిసింది ఆ నీడ ఖరీదు. స్కూలు దగ్గర ఆవిడ ఎక్కేది, మెయిన్ రోడ్డున తిన్నగా వచ్చేవాళ్ళం, గీతల మధ్య ఆగేవాళ్ళం. వెతకడానికేమీ లేదు, అనడానికేమీ లేదు. "పాలు తేవాలి." "కరెంటు బిల్లు కట్టాను." అంతే. తలుపులు దభీ దభీమని పడేవి. వాళ్ళ మాటలన్నీ ఎక్కడో దారిలో జారిపోయినట్టు నాకు దిగులేసేది. ఈ పాలూ బిల్లుల మాటలు కూడా ఎండిపోతే ఈ ఇద్దరి మధ్య ఇంకేం మిగులుతుందని భయమేసేది. కారుకు ఇంత బెంగ ఎందుకని మీరు నవ్వవచ్చు, కానీ నిజంగా భయమేసింది.

ఒక సాయంత్రం ఆయన ఇంజను ఆపాక ఆవిడ దిగలేదు.

"ఏవండీ, మనం మాట్లాడుకుని ఎన్నాళ్ళైంది?"

"రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాంగా."

"పాలు తెమ్మనడం కూడా మాటేనా అండీ?"

ఆయన తాళాలు తీసుకుని దిగిపోయారు.

తర్వాత వారం మేము వచ్చేసరికి నా గీతల మధ్య ఇస్త్రీ బల్ల ఉంది. దాని మీద బట్టల గుట్టలు, బొగ్గుల పెట్టె. గేటు బయట ఎండలో ఇస్త్రీ చేసుకునే నాగమణి అక్కడ నీడలో నిలబడి తాపీగా చొక్కా మడతపెడుతోంది.

"అమ్మగారే పెట్టుకోమన్నారు సార్," అంది. "ఎండకు కళ్ళు తిరుగుతున్నాయంటే, మా చోటు నీదేననుకో పొమ్మన్నారు."

పాండురంగారావు గారు భార్య వైపు చూశారు. ఆవిడ కిటికీలోంచి స్తంభాన్ని శ్రద్ధగా చూస్తోంది. అసోసియేషన్ ప్రెసిడెంటు పరుగున వచ్చాడు. "ఇదేందండీ, లక్షణంగా కొనుక్కున్న పార్కింగ్‌లో బల్ల పెట్టించి బండి రోడ్డు మీద పెట్టుకుంటారా ఎవరన్నా?" అన్నాడు. పాండురంగారావు గారు మొహం గంటు పెట్టుకుని నన్ను వెనక్కి తీశారు.

వీధిలోకి వచ్చాం. ఒక చుట్టు తిరిగాం. ఇంకో చుట్టు. ఆయన దవడలు బిగుసుకునే ఉన్నాయి. ఈ ఎత్తు పారలేదని ఆవిడకు అనిపించిందేమో, ఒళ్ళోని బ్యాగు గట్టిగా పట్టుకుంది. అప్పుడే బట్టల షాపులోంచి ఒకాయన తాళాలు తిప్పుకుంటూ బయటికి వచ్చాడు. మేము ఆగాం. ఆయన కారు తలుపు తీశాడు, లోపలికి వంగాడు, గొడుగు తీసుకున్నాడు, తలుపు వేసి మళ్ళీ షాపులోకి వెళ్ళిపోయాడు.

"తాళంధరుడు!" అని అరిచారు పాండురంగారావు గారు.

ఆవిడ పడీపడీ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "కోపం పోయిందా అండీ?" అంది.

"పోలేదు. ముందు జాగా దొరకనీ," అన్నారు. ఆ రోజు జాగా దొరకడానికి చాలాసేపు పట్టింది. నాకు అంత సంతోషం డ్రైవింగ్ స్కూలు వదిలిన రోజున కూడా కలగలేదు.

ఇప్పుడు నేను ముసలిదాన్ని. నా గీతల మధ్య ఇప్పటికీ నాగమణి బల్లే ఉంది. ఎండకు పైకప్పు రంగు పొట్టు లేచింది. కాకులు నన్ను ఏనాడూ మరిచిపోలేదు. మెకానిక్ నన్ను చూసినప్పుడల్లా "తుక్కుకు ఇచ్చేయండి సార్," అంటాడు. ఆయన విననట్టు టైర్లలో గాలి పట్టించుకుంటారు. నీడలో, గీతల మధ్య, మంచి రంగుతో ఇన్నాళ్ళూ ఉండగలిగేదాన్ని. ఎవరైనా అడిగితే మాత్రం నాకు ఈ ఎండే ఇష్టమని చెబుతాను.

నిన్న సాయంత్రం మొదటి మలుపులోనే, మా గేటు ఎదుట, కానుగ చెట్టు నీడన నిండు చోటు ఒకటి ఖాళీగా ఉంది. కుండీ లేదు, స్కూటరు లేదు. ఇంత పెద్ద జాగానందం నా జీవితంలో చూడలేదు. ఆవిడ అప్పుడే చిన్నప్పటి పాట ఒకటి అందుకుంది, ఇంకా పల్లవిలోనే ఉంది. ఆయన నన్ను కాస్త నిదానం చేశారు. ఇద్దరూ ఆ చోటు వైపు చూశారు.

"అది ఖాళీభ్రమ అయ్యుంటుంది వకుళా," అన్నారాయన.

"అయ్యే ఉంటుందండీ," అంది ఆవిడ. "ఇంకో చుట్టు తిప్పండి."