కాళ్లకింద వెచ్చదనం

కారు కింద వారం రోజులుగా ఏదో రేకు గలగలమంటోంది. లైబ్రరీలో పనిచేసే పెద్దకూతురు దాన్ని మెకానిక్‌కు చూపించింది. సైలెన్సర్ వేడి పైకి తగలకుండా అడ్డంగా ఉండే రేకు వదులైందనీ, కొత్తది తెప్పించేదాకా దూరం పోవద్దనీ అతను చెప్పాడు. ఎండుగడ్డి మీద మాత్రం అస్సలు ఆపొద్దన్నాడు. ఈలోగా ఆమె చెల్లెలికి కాన్పయింది. మనవరాలిని చూడాలని అమ్మ తెల్లారకముందే తలదువ్వుకుని, చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చుంది. ఇక ఆగుతుందా?

పొగమంచులో కారు నెమ్మదిగా సాగింది. చెట్లు పాలలో ముంచి తీసినట్టు ఒక్కొక్కటే కనబడి, మళ్లీ కరిగిపోతున్నాయి. ఒక గుంత దగ్గర కింద ఖంగుమంది. ఆ తర్వాత గలగల ఆగిపోయింది. పీడ వదిలిందనుకుంది కూతురు.

అమ్మ చెప్పులు విడిచి పాదాలు కింద ఆనించింది. ఎండాకాలంలో కూడా చల్లగా మొద్దుబారి ఉండే పాదాలవి.

"ఎంత హాయిగా ఉందో. కాళ్లకి వెచ్చగా తగుల్తోంది."

"నేను హీటర్ వెయ్యలేదే."

"ఎలా వస్తే ఏంలే, ఉండనీ."

అమ్మ కళ్లు మూతలు పడ్డాయి. నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడినుంచో ఆమె గొంతు వినబడసాగింది. "మా నాన్న ఇటుకల బట్టీ... చల్లారీ చల్లారని ఇటుకల మీద నడిచేదాన్ని. నాన్న చెయ్యి పట్టుకునేవాడు. పడిపోతానని కాదు. ఊరికే, ఆయనకదో ఇష్టం."

తాతయ్య ఊసు అమ్మ నోట వినడం కూతురికి అదే మొదటిసారి. ఆ కల చెదిరిపోతుందేమోనని ఇంకా మెల్లగా నడిపింది. మంచులో కారు పోతోందో, తేలుతోందో తెలియడం లేదు.

అప్పుడు వాసన తగిలింది. ఇస్త్రీపెట్టె గుడ్డ మీద మరిచిపోయినట్టు కమురు వాసన. వంగి అమ్మ పాదం పక్కన చెయ్యి పెట్టి చూసింది. చురుక్కుమంది. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

ఆపుదామంటే రోడ్డు పక్కంతా మోకాలెత్తు ఎండుగడ్డి. పంటి బిగువున ఇంకొంచెం ముందుకు పోనిచ్చి, మూతపడ్డ గోదాము ముందు కంకర నేల మీద ఆపింది. ఇంజిన్ కట్టేసింది.

"అమ్మా, లే. దిగాలి."

అమ్మను దింపి రబ్బరు పట్టా ఎత్తి చూస్తే, కింది కార్పెట్ గుండ్రంగా మాడి సన్నగా పొగ లేస్తోంది. సీసాలో నీళ్లన్నీ దాని మీద కుమ్మరించి, అమ్మను దూరంగా తీసుకుపోయింది. మెకానిక్‌కు ఫోన్ చేసింది.

"మళ్లీ స్టార్ట్ చెయ్యకండి, నేనే వస్తున్నా," అన్నాడతను.

గంటలో కారును లాక్కెళ్లే బండితో వచ్చాడు. చేతిలో సొట్టలుపడ్డ రేకుంది. "గుంత దగ్గర పడుంది. ఎవరి టైరన్నా చీలుతుందని తీసేశాను. చప్పుడు ఆగింది కదా, బాగైందనుకున్నారా అక్కా?"

ఆమె తలదించుకుంది. "అనుకున్నాను."

"ఆగినప్పుడే చూసుకోవాలి."

బావిలోంచి పైకొచ్చిన మనిషిలా అమ్మ ఇంకా చుట్టూ చూస్తోంది. కూతురు గోదాము మెట్టు మీద కూర్చుని అమ్మ పాదాలు ఒళ్లో పెట్టుకుంది. ఎర్రబడ్డాయి గానీ బొబ్బలు లేవలేదు.

"అంత కాలుతుంటే చెప్పొద్దా అమ్మా?"

"కాలినట్టే లేదే. నాన్న పక్కనున్నాడు. లేవబుద్ధి కాలేదు."

"ఆయన గురించి మాకెప్పుడూ చెప్పలేదు నువ్వు."

"ఎవరడిగారు?"

మెకానిక్ కారును తీసుకుపోయాడు. చెల్లెలి భర్త వస్తున్నానని కబురు చేశాడు. మంచు విడుతోంది. తాతయ్య ఎలా ఉండేవాడని కూతురు అడిగింది. అమ్మ ఆయన చేతివేళ్ల దగ్గర మొదలుపెట్టింది.