టాబ్లెట్ వద్దు, బామ్ చాలు

బస్టాండులో ఎంక్వైరీ కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. ఎవరు ఏ ప్రశ్న వేసినా నోట్లోంచి జవాబు ఊడిపడాల్సిందే. బస్సు ఎప్పుడొస్తుందో ఆ బస్సు డ్రైవరుకే తెలియకపోయినా సరే, అద్దం అవతల నిలబడ్డ మనిషికి "వచ్చేస్తుంది, అక్కడే ఉండండి" అని చెప్పి పంపాలి. తెలియదంటే జనం ఊరుకోరు, మీద పడి రక్కేస్తారు. ఏళ్ళ తరబడి ఆ కుర్చీలో కూర్చుని కూర్చుని ఆమెకు ఆ జబ్బు ఒంటబట్టింది. కాన్పు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నా వదల్లేదు.

అందుకే కాబోలు, ఫోనులో "పాలపిల్లలు" గ్రూపులో చేరిన కొద్ది రోజులకే ఆమె పేరు ఎంక్వైరీ అక్క అయిపోయింది. ఒకే ఆస్పత్రిలో కాస్త అటూ ఇటూగా కన్న తల్లులూ, వాళ్ళ మొగుళ్ళు కొందరూ ఉన్న గ్రూపు అది. అక్కడ ఎవరికీ సొంత పేర్లుండవు. గుండుబాబు నాన్న, చిట్టితల్లి అమ్మ, కవలలమ్మ... అంతే. పాలిచ్చే తల్లి పంటినొప్పికి ఏం వేసుకోవచ్చు, జుట్టు రాలుతుంటే మందులు మింగొచ్చా, దగ్గు మందు తాగితే బిడ్డకు మత్తెక్కుతుందా... పొద్దున లేచింది మొదలు ఇవే ప్రశ్నలు. అన్నిటికీ అక్క దగ్గర ఒకటే మంత్రం. లోపలికి ఏదీ పోకూడదు. మింగింది పాలల్లో కలుస్తుంది, పైన రాసుకుంటే ఏ గొడవా లేదు. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి! ఆ మాట ఆమెకు ఎవరు చెప్పారంటే ఆమెకే గుర్తులేదు. ఎక్కడో విన్నది, నచ్చింది, తన సొంతం చేసేసుకుంది.

ఆ రోజు పొద్దున్నే ఆమెకే పడిశం పట్టింది. కళ్ళు మంటలు, ఒళ్ళంతా నొప్పులు. అత్తగారు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఒక్క జ్వరం బిళ్ళ వేసుకోరాదుటే? ఎందుకలా మూలుగుతావు?"

"మింగితే పాలల్లోకి దిగుతుందత్తయ్యా. పిల్లకు పడొద్దూ?"

"నీ ఇష్టం. నువ్వు ఊరందరికీ చెప్పేదానివి, నీకు నేనేం చెప్తాను" అని అత్తగారు గ్లాసు అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

సరిగ్గా అప్పుడే ఫోను టింగుమంది. కవలలమ్మ.

"అక్కా, ముక్కు దిబ్బడేసి ఊపిరాడట్లేదు. జ్వరం తగులుతోంది. పిల్లలిద్దరూ పాలు తాగుతున్నారు కదా, బిళ్ళ వేసుకోవచ్చా?"

కవలలమ్మ పిల్లలు నెలలు నిండకుండా పుట్టారు. గుప్పెడంత ఉన్న ఫోటోలు గ్రూపులో పెట్టినప్పుడు అందరి ప్రాణాలూ ఉసూరుమన్నాయి. అక్క ఒక చేత్తో తన పిల్లను జోకొడుతూ, రెండో చేతి బొటనవేలితో టకటకా కొట్టేసింది.

"టాబ్లెట్ వద్దు, బామ్ చాలు. గొంతుకీ గుండెలకీ దట్టంగా పట్టించు. నేనూ అదే చేస్తున్నా, పాప హాయిగా ఉంది."

నిజానికి అప్పటికి ఆమె నుదుటికి మాత్రమే రాసుకుంది. గుండెలకు రాసుకోవాలని అనుకుంటోంది. అనుకున్నదీ చేసినదీ ఆమె లెక్కలో ఒకటే.

గ్రూపులో బొటనవేళ్ళ బొమ్మలు వరసగా లేచాయి. మధ్యలో గుండుబాబు నాన్న ఒకడు. పని వడ్రంగం, నోరు నెమ్మది. "పిల్లలు మరీ చిన్నవాళ్ళు కదక్కా, డాక్టర్నొక మాట అడిగితే పోయేదేముంది?" అన్నాడు.

అక్కకు చిర్రెత్తుకొచ్చింది. "పాలిచ్చేది నువ్వా మేమా తమ్ముడూ? నువ్వెళ్ళి చెక్కలకు చిత్రిక పట్టుకో పో."

గ్రూపంతా పగలబడి నవ్విన బొమ్మలు. పాపం, అతను మళ్ళీ నోరెత్తలేదు. కవలలమ్మ దండం బొమ్మ పెట్టి "సరే అక్కా" అంది. ఒక చిక్కు తీర్చానన్న తృప్తితో అక్క ఫోను పక్కన పడేసింది.

మధ్యాహ్నం భోజనమయ్యాక చెప్పిన మాట నిలబెట్టుకుంది. సీసాలో వేలు ముంచి గొంతు నుంచి గుండెల దాకా చర్మం చురుక్కుమనేలా పట్టించింది. ముక్కు తెరుచుకుంది. ఆహా అనుకుంది. కాస్త నడుం వాల్చిందో లేదో పిల్ల లేచి ఆకలి రాగం అందుకుంది.

మూడో నెల పడని పిల్ల. ఒళ్ళోకి తీసుకుని పాలిచ్చింది. రెండు గుక్కలు తాగి తల విదిలించింది. పేచీ అనుకుని అక్క మళ్ళీ దగ్గరకు అదుముకుంది. పిల్ల ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గబోయి ఆగిపోయింది. నోరు తెరిచింది, ఏడుపు రాలేదు. కళ్ళు ఇంతలేసి చేసుకుని తల్లి ముఖంలోకి చూస్తోంది, ఊపిరి మాత్రం లోపలికి పోవడం లేదు, బయటికి రావడం లేదు. డొక్కలు లోపలికి గుంజుకుపోయాయి. పెదాలు చూస్తుండగానే నీలంగా తిరిగాయి.

"అత్తయ్యా! అత్తయ్యోయ్!"

అత్తగారు వంటింట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. పిల్లను లాక్కుని, బోర్లా తిప్పి వీపు చరుస్తూ బయటి గాలిలోకి పరుగెత్తింది. మెట్ల దగ్గర పిల్ల ఒక్కసారి కీచుమంది. ఊపిరి వచ్చింది గానీ, సందులోంచి దూరుతున్నట్టు ఈలవేస్తూ వస్తోంది. వీధి చివరే పిల్లల ఆస్పత్రి. అక్క చేతికందిన ఫోనొక్కటి పట్టుకుంది, ఇద్దరూ కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తారు. దారిలో ఎవరో "ఏమైందమ్మా" అని అడిగారు. జీవితంలో మొదటిసారి అక్క ఒక ప్రశ్నకు జవాబు చెప్పకుండా పోయింది.

నర్సు పిల్ల ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టింది. అది ముఖమంతా కప్పేసింది. డాక్టరమ్మ గొట్టం చెవులకు పెట్టుకుని ఛాతీ మీద వింటూనే ప్రశ్నలు వేస్తోంది.

"నోట్లో ఏమైనా పోశారా? నాటుమందులు గానీ, దగ్గుమందు గానీ?"

"లేదండీ. నా పాలు తప్ప చుక్క నీళ్ళు కూడా పట్టలేదు. నేను కూడా ఒక్క బిళ్ళ మింగలేదు" అంది అక్క. ఆ కంగారులో కూడా చివరి మాటను కొంచెం గొప్పగానే అంది.

డాక్టరమ్మ పిల్ల ముఖం దగ్గరకు వంగి వాసన చూసింది. తలెత్తి అక్క వైపు చూసింది. రెండడుగులు దగ్గరకు వచ్చి మళ్ళీ వాసన చూసింది.

"బామా?"

"పైపైనే రాసుకున్నానండీ. లోపలికేం తీసుకోలేదు."

"పైన అంటే ఎక్కడ?"

అక్క గుండెల మీద చెయ్యి పెట్టి చూపించింది.

"బిడ్డ ముక్కు ఆనించేది అక్కడే కదమ్మా" అంది డాక్టరమ్మ.

మెత్తగానే అంది. నాలుగు తిట్టినా బాగుండేది. అక్కకు ఆ మాట చెవిలో పడింది గానీ బుర్రలోకి దిగడానికి కాసేపు పట్టింది.  దిగాక పక్కనున్న మంచం కమ్మీ పట్టుకుంది. ఇంత చిన్న సంగతి! పాలు తాగే పిల్ల ముక్కు ఎక్కడుంటుందో కన్నతల్లికి తట్టలేదు. గ్రూపులో అంతమంది తల్లులున్నారు, ఒక్కరికీ తట్టలేదు.

డాక్టరమ్మ చెప్పుకుపోతోంది. పెద్దవాళ్ళకు ముక్కు తెరిపించే ఆ ఘాటే పసిపిల్లలకు గొంతు బిగేస్తుందట. అందులో ఉండే కర్పూరం నోట్లోకి పోతే ఫిట్సు కూడా రావచ్చట. "అంత బాధగా ఉంటే మామూలు జ్వరం బిళ్ళ వేసుకోవాల్సింది. పాలిచ్చే తల్లులకు మేమే రాసిస్తాం, మోతాదు చెప్పి. ఒక్క మాట అడిగుంటే సరిపోయేది. ఇప్పటికి ఊపిరి కుదుటపడుతోంది. రేపటిదాకా మా కళ్ళ ముందే ఉంచుకుంటాం" అంది.

నర్సు అక్కను కుళాయి దగ్గరకు తీసుకెళ్ళి సబ్బు చేతికిచ్చింది. "బాగా కడుక్కోండి. వాసన పోయేదాకా పాప దగ్గరకు రావద్దు."

పోతుందా అది! రుద్దిన కొద్దీ నురగలోంచి కూడా ఘాటు తన్నుకొస్తోంది. చర్మం ఎర్రగా కందిపోయింది. దట్టంగా పట్టించానే పాడుముండను, అని తనను తాను తిట్టుకుంది. దట్టంగా... ఆ మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది.

దట్టంగా పట్టించు. గొంతుకీ గుండెలకీ.

కవలలమ్మ.

సబ్బు చేతిలోంచి జారి తొట్టిలో పడింది. ఆమె గుండెలకు అటొకడు, ఇటొకడు. తన పిల్లలో సగం కూడా లేరు వాళ్ళు. పొద్దున చెప్పింది. ఇప్పుడు మధ్యాహ్నం దాటిపోతోంది.

తడి చేతులతోనే పరుగెత్తి, కడుక్కోబోతూ అత్తగారికిచ్చిన తన ఫోను లాక్కుంది. "బామ్ రాయొద్దు. నా పిల్లకు ఊపిరి ఆగింది. కవలలమ్మా, వెంటనే కడిగేసుకో" అని గ్రూపులో పెట్టింది. అయ్యో అన్నవాళ్ళున్నారు, ఎలా అన్నవాళ్ళున్నారు. "నేనూ రాసుకుంటాగా, మావాడికేం కాలేదే" అని ఒక మహాతల్లి వాదనకు దిగింది. కవలలమ్మ మాత్రం పలకలేదు. ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

"ఆమె ఇల్లెక్కడో ఎవరికైనా తెలుసా? పేరేంటి?" అని అడిగింది. బదులిచ్చినవాళ్ళంతా తెలియదనే అన్నారు. రోజూ ముచ్చట్లాడుకునే మనిషి, మొగుడి కోపాల దగ్గర్నుంచి కుట్ల నొప్పుల దాకా చెప్పుకున్న మనిషి, ఆమె అసలు పేరేంటో ఇన్నాళ్ళలో ఒక్కరూ అడగలేదు. 

ఫోను మోగింది. గుండుబాబు నాన్న.

"అక్కా, ఆమె ఇల్లు నాకు తెలుసు. పిల్లలిద్దరికీ ఉయ్యాల చేసిచ్చింది నేనే. షాపు మూసేశా, బండి తీస్తున్నా. ఫోన్ పెట్టేయకు."

పొద్దున సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు అతను. అక్కకు సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గుపడే తీరిక కూడా లేదు. బండి చప్పుడు చెవిలో హోరెత్తుతోంది. గాజు తలుపు అవతల పిల్ల డొక్కలు ఎగిరి పడుతుంటే, వాటిని చూస్తూ ఇంకో రెండు జతల డొక్కలు తలుచుకుంది.

"నువ్వేమైనా కావాలని చెప్పావుటే? ఊరుకో" అంది అత్తగారు భుజం మీద చెయ్యేసి.

"చెప్పానుగా అత్తయ్యా. ఎలా చెప్పినా చెప్పానుగా. వాళ్ళకేదైనా అయితే నేను బతకను."

బండి ఆగింది. తలుపు కొడుతున్న చప్పుడు. "అమ్మా! కవలలమ్మా!" అని కేక. మళ్ళీ చప్పుడు, ఈసారి గట్టిగా.

"లోపల గడియ వేసుందక్కా. పలకట్లేదు."

"పగలగొట్టు! పగలగొట్టెయ్ తమ్ముడూ!" అని అక్క ఆస్పత్రి అదిరేలా అరిచింది. నర్సు లోపల్నుంచి తల బయట పెట్టి చూసింది.

ధన్ ధన్ అని రెండుసార్లు వినపడింది. తర్వాత గడియ తీసిన చప్పుడు. నిద్ర గొంతుతో ఒక ఆడమనిషి, "మెల్లగా అన్నయ్యా! ఇప్పుడే పడుకున్నారు ఇద్దరూ" అంది.

"పిల్లలేరీ? ముందు పిల్లల్ని చూపించు."

అడుగుల చప్పుడు. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. అక్క రెండు చేతులతో ఫోను చెవికి నొక్కుకుంది. అత్తగారు ఆమె ముఖంలోకే చూస్తోంది.

"ఊపిరి తీస్తున్నారక్కా" అన్నాడు వడ్రంగి. "ఇద్దరూ తీస్తున్నారు. ఒకడు నన్ను చూసి ఏడుపు మొహం పెట్టాడు కూడా."

అక్క గోడకు జారగిలబడి అలాగే కింద కూర్చుండిపోయింది. ఫోనులో గొంతు మారింది.

"అక్కా, ఏంటిది? నేను బామ్ రాసుకోలేదక్కా."

"రాసుకోలేదా?"

"లేదక్కా. గుండుబాబు నాన్న అన్నాడు కదా, అడిగితే పోయేదేముందని. మా డాక్టరమ్మకు ఫోన్ చేశా. ఆవిడ అమ్మో అంది. ఆ మూత కూడా తియ్యొద్దు, పిల్లలు ఊపిరాడక చచ్చిపోతారని గట్టిగా కేకలేసింది. బిళ్ళ ఏం వేసుకోవాలో చెప్పింది. వేసుకుని, ఫోను మోగకుండా పెట్టి, పిల్లలతో పాటు పడుకున్నా."

"మంచిపని చేశావు తల్లీ, మంచిపని చేశావు" అంటూ అక్క ఏడ్చేసింది. కొంగుతో ముక్కు తుడుచుకుంటుండగా ఒక సంగతి తట్టింది. తట్టగానే ఏడుపు ఆగిపోయింది.

"ఎప్పుడు అడిగావు డాక్టర్ని?"

"పొద్దున్నే. మీరు చెప్పిన కాసేపటికే."

"పొద్దున్నే తెలుసా నీకు? మరి గ్రూపులో ఎందుకు చెప్పలేదు?"

అవతల ఒక పిల్లాణ్ణి జోకొడుతున్న చప్పుడు వినపడింది.

"రాశానక్కా. రాసి చెరిపేశా. అన్నయ్యని అంతమందిలో అలా అనేశారు కదా... నేను కూడా అంటే నొచ్చుకుంటారని. మీకెలాగూ పడిందన్నారు, పాప హాయిగా ఉందన్నారు. ఇంకెందుకులే అనుకున్నా. పాప బాగానే ఉంది కదక్కా?"

 మధ్యాహ్నం భోజనానికి ఎంత ముందు అది! సీసా మూత తియ్యక ముందే ఆ మాట ఫోనులో ఉండాల్సింది. ఒక తల్లి దాన్ని అక్షరం అక్షరం రాసి, తన నోటికి జడిసి చెరిపేసింది. ఆ నోరు పారేసుకుంది ఎవరు? చెయ్యని పనిని చేశానని కోతలు కోసింది ఎవరు?

"ఆస్పత్రిలో ఉందమ్మా. పాలిస్తుంటే ఊపిరి ఆగింది."

"అయ్యో, అయ్యో... నేను చెప్పుంటే! ఒక్క ముక్క చెప్పుంటే ఇలా అయ్యేది కాదు కదక్కా! నాదే పాపం" అని కవలలమ్మ బావురుమంది. వెనకాల పిల్లలిద్దరూ లేచి అందుకున్నారు.

అక్క గాజు తలుపు వైపు చూసింది. కవలలమ్మ చెప్పి ఉంటే ఏమయ్యేదో ఆలోచించింది. ఆ డాక్టర్లకేం పని, లేనిపోని భయాలు పెడతారు, నువ్వెళ్ళి నీ కవలల్ని చూసుకో పో... అనేది. ముమ్మాటికీ అనేది. అని, భోజనం చేసి, సీసా మూత తీసేది.

"ఏడవకమ్మా. నువ్వు చెప్పినా నేను వినేదాన్ని కాదు" అంది.

కవలలమ్మ అది ఓదార్పనుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది.