కర్టెన్ అంచున వెలుతురు

అద్దె ఇళ్ళకు ఫొటోలు తీసిపెట్టడం ఆమె ఉద్యోగం. అగ్గిపెట్టెంత గదిని కూడా పెళ్ళి మండపంలా చూపించగలదు. అంత పనితనం ఉండి ఏం లాభం, తాను తల దాచుకోవడానికి జానెడు చోటు దొరకలేదు. ఏడాదిగా పిన్ని వాళ్ళ హాల్లో సోఫా మీద పడుకుంటోంది. ఆదివారం పిన్ని అత్తగారు దిగుతున్నారు.

"ఆవిడ మంచం ఎత్తు ఎక్కలేదట, ఆ సోఫాయే కావాలంటుంది. నన్నేం చేయమంటావే" అంది పిన్ని మొహం తిప్పుకుని. పిన్నిని తప్పుపట్టడానికీ లేదు.

అప్పటికే మూడు నెలలు ఇంటి కోసం కాళ్ళరిగేలా తిరిగింది. ఎక్కడికెళ్ళినా తనకంటే పెద్ద జీతాలవాళ్ళు నలుగురు ముందే నిలబడి ఉండేవారు.

సోమవారం బ్రోకరు ఫొటోలు తీయమని ఓ తాళంచెవి చేతిలో పెట్టాడు. మూడో అంతస్తులో ఒకటే గది, ఓ మూల వంటగట్టు, తూర్పున పెద్ద కిటికీ. చూడగానే ప్రాణం లేచొచ్చింది. అక్కణ్ణుంచే బ్రోకరుకు ఫోన్ చేసింది.

"అన్నా, ఈ ఇల్లు నాకిప్పించవా?"

"ఎవరూ రాకపోతే ఓనరుతో మాట్లాడతాలే. నలుగురొచ్చారంటే మాత్రం నీ జీతానికి ఆయన ఒప్పుకోడమ్మా."

ఎవరూ రాకపోతే! ఆ మాట చెవిన పడ్డాక ఇంక నీతీ నియమమూ ఎక్కడ నిలుస్తాయి? కర్టెన్లు మూసేసింది. లైట్లు ఆర్పేసింది. ఓ మూల అరచేయంత చెమ్మ మరక ఉంటే, గోడంతా అదేనన్నట్టు దగ్గరికెళ్ళి తీసింది. సిగ్గేసింది. సోఫా గుర్తొచ్చి ఆ సిగ్గును దిగమింగుకుంది.

శనివారం పొద్దున ఇల్లు చూపించే వేళకు వెళ్ళింది. మూడో అంతస్తు నుంచి వీధి గేటు దాకా మెట్ల నిండా జనం. ఆ ఫొటోలకు ఎవరూ రారని హడలిపోయి ఓనరు అద్దె తగ్గించాడట. వెళ్ళి వరుస చివర నిలబడింది.

ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగి తన ఫోన్ చూపించింది. "ఎంత దరిద్రంగా తీశారో చూడక్కా. అయినా ఇదిగో, కర్టెన్ అంచున వెలుతురు. అంటే కిటికీ ఉన్నట్టే కదా. మేం ముగ్గురం ఉండే గదికి కిటికీయే లేదు."

తాను దాచిపెట్టిందే ఆ పిల్ల కంటబడింది. ఆమెకు ఏడుపొచ్చింది.

ఇంతలో బ్రోకరు మెట్లు దిగుతూ వచ్చాడు. "ఇల్లు ఇచ్చేశామండీ, ఇక వెళ్ళండి." ఆమెను చూసి ఆగాడు. "నువ్వూ వచ్చావా? మంచిదైంది. పక్క వీధిలో ఇంకోటి ఖాళీ అయింది. ఈసారన్నా ఫొటోలు కాస్త వెలుతురులో తియ్యి తల్లీ" అని తాళంచెవి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ అమ్మాయి అంతా విన్నది. దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "అక్కా, ఆ ఇంటికి కిటికీ ఉందా?"

రేపే ఆదివారం. ఇంకా తాళమైనా తీయని ఇంటి గురించి ఆమె, "లేదు" అంది.