కట్టేసిన పలకలు

పంజాగుట్ట ఆఫీసులో మేనేజరు సురేందర్ పొద్దుటి నుంచి ఇంజనీరు మంజూష సంతకం కోసమే తిరుగుతున్నాడు. సముద్రంలో గ్యాస్ తీసే ప్లాట్‌ఫారం ఒకటి మరమ్మతులకు ఆగింది. మర్నాడు మళ్లీ నడవాలి. గ్యాస్ యంత్రాలకూ పనివాళ్లు పడుకునే గదులకూ మధ్య ఒక ఉక్కు గోడ ఉంది. పేలుడు జరిగినా అది నిలబడుతుందని మంజూష రాసిస్తేనే యంత్రాలు తిరుగుతాయి.

లెక్కల్లో గోడ నిలబడింది. ఆమె చూపు మాత్రం ప్లాట్‌ఫారం నుంచి వచ్చిన ఫొటో మీద ఆగింది. యంత్రాలకు సముద్రం వైపున తేలికపాటి రేకు పలకలు వేలాడుతుంటాయి. లోపల పేలితే అవి పైకి లేచి ఒత్తిడిని నీళ్ల మీదికి వదిలేయాలి. ఫొటోలో అవి వైరుతో బిగించి కట్టేసి ఉన్నాయి.

ఆ ప్లాట్‌ఫారం సూపర్‌వైజరు వీరవెంకటసత్యనారాయణ కాకినాడ మనిషి. సంతకమైన కాగితం తీసుకెళ్దామని వచ్చి ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు. మంజూష అడగగానే దాచకుండా చెప్పాడు, కట్టించింది తనేనని. వానాకాలం గాలికి పలకలు చట్రానికి కొట్టుకుని మోగుతుంటే గోడ అవతల ఎవరికీ కంటి మీద కునుకు లేదట.

"నిద్రలేనోడు వాల్వు తిప్పితే అంతకన్నా ప్రమాదం ఏముందండీ?"

ఆ మాటలో నిజముందని మంజూషకు తెలుసు.

సురేందర్ తొందరపడ్డాడు. "జర సమజ్ చేస్కో మంజూషా. గోడ మస్తు మందం ఉన్నది. వైర్లు తర్వాత చూస్కుంటరు తీ."

"పలకలు తెరుచుకుంటయనుకొని చేసిన లెక్క సార్ ఇది. కట్టేస్తే ఒత్తిడి పోనీకి తొవ్వ లేదు. మొత్తం గోడ మీదికే వస్తది. అవతల మనుషులు పండుకొని ఉంటరు."

గొంతు పెంచలేదు. పలకలు మూసి ఉన్నట్టుగా లెక్క మళ్లీ నడిపి, కంప్యూటరు తెరను సత్యనారాయణ వైపు తిప్పింది. తెర మీద గోడ మధ్యలో ఎర్రబడి, అవతలి గదిలోకి వంగిపోయింది. అది మా గదేనా అని అడిగి, ఆయన టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

మంజూష వైర్లు తీసేయమంది. పలకలు చట్రానికి తగిలే చోట రబ్బరు పట్టీలు అతికించమంది. పలక లేవడానికి అవి అడ్డం రావని లెక్క చూసుకునే చెప్పింది. ఆయన అక్కడే నిలబడి ప్లాట్‌ఫారానికి ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికి కొత్త ఫొటోలు వచ్చాయి. ప్రతి పలకనూ పెద్దది చేసి చూశాక, పలకలు కడితే ఈ కాగితం చెల్లదని ఒక వాక్యం చేర్చింది. కంపెనీ వాళ్లు ఒప్పుకోరని సురేందర్ గొణిగాడు. ఆమె దాన్ని తీయకుండానే సంతకం చేసింది.

"రబ్బరు పెట్టినా మోగితే మావాళ్లు మిమ్మల్నే తిడతారు మేడం గారూ" అన్నాడు సత్యనారాయణ, కాగితం మడుస్తూ.

"తిట్టనియ్యండి. వచ్చే నెల నేను సుత వస్త. గోడ పక్క గదే నాకు ఇప్పియ్యండి, ఎంత మోగుతదో ఇని సరిచేస్త."

ఆమె నవ్వుతుందేమోనని ఆయన చూశాడు. నవ్వలేదు.

"అయితే మా గదే ఖాళీ చేయిస్తానండీ" అని లిఫ్టు వైపు నడిచాడు.