ఖండన

వంకాయలు తరుగుతుంటే మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఆ స్టేట్‌మెంట్ కాస్త తెలుగులో పెట్టెయ్ సీతా, పన్నెండింటికి మనిషొస్తాడు" అన్నారు.

మనిషంటే పత్రిక ఆఫీసు మనిషి. మా ఆయన శరత్‌చంద్ర రాజమండ్రిలో రాజనీతిశాస్త్రం లెక్చరరు. ప్రతి శుక్రవారం ఒక దినపత్రికలో విదేశాంగ వ్యవహారాల మీద ఆయన పేరుతో, ఆయన ఫొటోతో వ్యాసం వస్తుంది. ఆరేళ్ళుగా అది రాస్తున్నది నేను. మొదట్లో ఆయన చెబుతుంటే నేను రాసేదాన్ని. తర్వాత్తర్వాత విషయం మాత్రం చెప్పేవారు. ఇప్పుడు మనిషొచ్చే టైము చెబుతున్నారు. నేనూ అదే సబ్జెక్టులో ఎం.ఏ. చేశాను. పెళ్ళిచూపుల రోజు తప్ప ఆ సంగతితో ఎవరికీ పని పడలేదు.

కూర పొయ్యి మీద పడేసి పేపర్లు ముందేసుకున్నాను. పొరుగు దేశంలో ఒక రాష్ట్రంలో నెలన్నరగా గొడవలు జరుగుతున్నాయి. జనం రోడ్ల మీదికి వచ్చారు, ప్రభుత్వ కచేరీలు మూయించారు, కాల్పుల్లో కొందరు పోయారు. ఇదంతా ఇండియా ఎగదోస్తున్నదేనని అక్కడి ప్రభుత్వం ఆరోపించింది. ఆరోపణలు పూర్తిగా నిరాధారమనీ, ఇతర దేశాల అంతర్గత వ్యవహారాల్లో జోక్యం చేసుకోవడం మన విధానం కాదనీ, తమ వైఫల్యాలకి బయటివాళ్ళని నిందించడం మాని ముందు తమ ఇల్లు చక్కబెట్టుకుంటే మంచిదనీ మన విదేశాంగ శాఖ ప్రతినిధి ఆ స్టేట్‌మెంట్‌లో బదులిచ్చాడు. ఇలాంటి ఖండనలు నాకు కంఠతా వచ్చు. అరగంటలో రాసేశాను.

ఆ రోజు మాత్రం చివర నా మాటగా మూడు వాక్యాలు చేర్చాను. ఆరోపించినవాళ్ళూ, ఖండించినవాళ్ళూ కూడా జనాన్ని ఎవరు రెచ్చగొట్టారన్నదే మాట్లాడుతున్నారు. వాళ్ళంతట వాళ్ళకే కోపం వచ్చి ఉంటుందన్న ఊహ ఇద్దరికీ లేదు. వాళ్ళ బాధేమిటో ఏ పేపర్లోనూ రెండు లైన్లకి మించి లేదు.

మా ఆయన చదివి, విద్యార్థుల పేపర్లు దిద్దే ఎర్ర పెన్నుతో ఆ మూడూ కొట్టేశారు. "ఇది దౌత్యం సీతా. ఇందులో జనం ఎందుకు?" అన్నారు. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే అర్థంకాక అడిగారు.

అదే రోజు సాయంత్రం నరసాపురం నుంచి ఫోనొచ్చింది. మా అత్తగారు సంపూర్ణమ్మగారు అక్కడ మా మరిది సూర్యప్రకాశం దగ్గర ఉంటారు. మా ఆయన పావుగంటసేపు ఊఁ కొడుతూ విని, ఫోను పెట్టేసి నావైపు తిరిగారు.

"మధులతకి నువ్వేం చెప్పావు?"

మధులత మా తోడికోడలు. ఎవరికీ చెప్పకుండా డీఎస్సీ రాసిందట. సెలెక్టయిందట. రేవు దాటి సఖినేటిపల్లి అవతల ఒక ఊరి బడిలో పోస్టింగ్ ఇస్తే, గుడికని చెప్పి గోదావరి దాటించే పంటెక్కి వెళ్ళి జాయినై వచ్చి, అన్నాల దగ్గర ఆ సంగతి చెప్పిందట. రాజీనామా ఇమ్మని మరిది సర్టిఫికెట్లు దాచేశాడు. ఆమె అరవలేదు, ఏడవలేదు. మర్నాటి నుంచి తనకీ పిల్లలకీ మాత్రం వండి, క్యారేజీ పట్టుకుని ఎనిమిదింటికల్లా వెళ్ళిపోతోంది. పదకొండేళ్ళలో పెదవి విప్పని పిల్ల ఇంత పని చేసిందంటే వెనక ఎవరో ఉండి తీరాలి. చదువుకున్న పెద్దకోడలే ఎక్కించి ఉంటుందని వాళ్ళు తేల్చుకున్నారు.

నేను ఏమీ చెప్పలేదన్నాను. ఆయన నమ్మారో లేదో తెలియదు. ఆదివారం వెళ్ళి అందరి ముందూ ఆ మాటే చెప్పాలన్నారు.

నిడదవోలు దాటాక ప్యాసింజర్లో నేను కట్టి తెచ్చిన పులిహోర తింటూ, నేనేం మాట్లాడాలో చెప్పారు. నాకేమీ తెలియదు. నేనేమీ చెప్పలేదు. పెద్దవాళ్ళ మాట వినమని మధుకి బుద్ధి చెబుతాను. ఈ మూడు ముక్కలూ చాలు, ఎక్కువ మాట్లాడొద్దన్నారు. కిటికీలోంచి నారుమళ్ళు చూస్తూ విన్నాను. మొదటి రెండూ నిజాలే. నన్ను ఇబ్బంది పెట్టింది అదే.

రెండేళ్ళ క్రితం అత్తగారి మోకాలి ఆపరేషనప్పుడు నేను నెల రోజులు నరసాపురంలో ఉన్నాను. ఒకరోజు పెరట్లో మధూ, నేనూ చెరో కొసా పట్టుకుని దుప్పటి పిండుతుంటే, "అక్కా, డీఎస్సీకి అప్లై చెయ్యనా?" అని అడిగింది. నేను దుప్పటి మెలితిప్పుతూనే, "ఇప్పుడెందుకు మధూ, పిల్లల్ని కాస్త పెద్దవనీ" అన్నాను. సర్దుకుపోవడంలోనే సుఖం ఉందని కూడా అన్నాను. అది నా మాట కాదు, నా పెళ్ళైన కొత్తలో అత్తగారు నాతో అన్న మాట. మధు ఇంకేమీ అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం నరసాపురంలో మగవాళ్ళూ, అత్తగారూ భోంచేశాక మధూ, నేనూ తిన్నాం. ఆమె నావైపు చూడలేదు. నేనేం చెప్పబోతున్నానో ఆమెకి ముందే తెలిసినట్టుంది. ఎంగిళ్ళెత్తి హాల్లోకి వెళ్ళేసరికి అందరూ కూర్చుని ఉన్నారు.

అత్తగారు మంచం మీద కాళ్ళు చాపుకుని మొదలుపెట్టారు. తన ముసలితనం గురించి, రేవులో పంటు ప్రమాదాల గురించి, చదువుకున్న కోడల్ని తెచ్చుకున్న పాపం గురించి చెప్పారు. మరిది గోడవైపు చూస్తూ, "మా ఇంటి విషయాల్లో మీరు జోక్యం చేసుకోకండి వదినా" అన్నాడు. పదిహేడేళ్ళుగా అది నా ఇల్లే అని చెప్పినవాళ్ళలో అతనూ ఒకడు. మా ఆయన నాకు సైగ చేశారు.

"మధుకి నేనేమీ చెప్పలేదండి" అన్నాను. ఆయన ముఖం తేలికపడింది. "రెండేళ్ళ క్రితం అడిగింది. వద్దని చెప్పాను. తప్పు చెప్పాను. వెళ్ళమని చెప్పి ఉంటే ఈ రోజు మీరు నన్ను అంటున్నందుకు నాకు గర్వంగా ఉండేది."

అత్తగారు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగారు.

"నువ్వు చెప్పకపోతే మరెవరు చెప్పారే దానికి?"

గుమ్మం దగ్గర నిలబడ్డ మధు, "ఎవరూ చెప్పలేదండి. నాకే వెళ్ళాలనిపించింది" అంది. గట్టిగా అనలేదు. అయినా అందరికీ వినబడింది. మరిది సర్టిఫికెట్ల ఫైలు ఆ పూట ఇవ్వలేదు. మధు అడగనూ లేదు.

సాయంత్రం రైలుకి మా ఆయన ఒక్కరే వెళ్ళారు. నేను వారం రోజులుండి వస్తానన్నాను. శుక్రవారం వ్యాసం సంగతి అడిగారు.

"రాస్తానండి. కానీ కింద నా పేరు ఉండాలి. కుదరదంటే మీరే రాసుకోండి."

ఆలోచించి ఫోను చేస్తానన్నారు.

మర్నాడు పిల్లల్ని బడికి పంపి, నేనూ మధుతోపాటు రేవుకి వెళ్ళాను. పంటు నిండా సైకిళ్ళు, పాలక్యాన్లు. వశిష్ఠ గోదావరిలో కొత్తనీరు ఎర్రగా దిగుతోంది. ఇద్దరం రెయిలింగు పట్టుకుని నిలబడ్డాం. సగం దూరం వెళ్ళాక, "ఆ రోజు నిన్ను నేనే ఆపాను మధూ" అన్నాను. కాదంటుందని లోపల ఎక్కడో ఎదురుచూశాను.

"అవునక్కా" అంది మధు. "అందుకే ఈసారి ఎవర్నీ అడగలేదు."