ఖాళీ ఇళ్ల బుట్ట

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దమనిషి ఈ ఆఫీసులో నాలుగు రోజులు కూర్చుని ఉంటే, ఇంకొకటి కూడా చేర్చి ఉండేవాడు: ఇల్లు కట్టుకున్నవాళ్ల ఉత్తరాలు చదివి చూడు. అవి నిజం ఇళ్లు కూడా కావు. కంప్యూటర్లో ఆడే ఆటలో, కత్తులూ మంత్రాలూ పట్టుకుని రాక్షసుల మీదికి పోయే లక్షలమంది, యుద్ధం అయ్యాక వచ్చి నడుం వాల్చడానికి కట్టుకున్న ఇళ్లు. రాక్షసుల గురించి ఎవరూ పెద్దగా ఫిర్యాదు చెయ్యరు. ఇంటి గురించి మాత్రం రోజుకు మూడువందల యాభై ఉత్తరాలు.

వాటిని చదవడమే ఆమె ఉద్యోగం. ఆఫీసంతా ఆమెను పోస్టమ్మ అంటుంది. చేరి పదకొండు నెలలైంది. ఇంకొక్క నెల గట్టెక్కితే ఉద్యోగం ఖాయం.

కుర్చీలో కూర్చుంటే మోకాళ్లు బల్లలోంచి పైకి వస్తున్నాయని ఒకరు రాస్తారు. మా పొయ్యి పొగ పక్కింటి పడగ్గదిలోకి పోతోందని ఇంకొకరు. ఆ పక్కింటాయన విడిగా, ఇంకాస్త ఘాటుగా. మేడమీద గుర్రాన్ని కట్టేసుకోనివ్వండని ఒకరు. ఎదురింటివాడు గోడలకు ఊదారంగు వేశాడు, చూడలేక చస్తున్నానని ఒకావిడ తొమ్మిదిసార్లు రాసింది. పదోసారి, తనూ ఊదారంగే వేసుకున్నాననీ ఇప్పుడు బాగానే ఉందనీ రాసింది.

అన్నీ పూర్తిగా చదువుతూ కూర్చుంటే పొద్దు సరిపోదు. అందుకని పోస్టమ్మకు ఒక పద్ధతి ఉంది. మొదటి రెండు వాక్యాలు చూస్తుంది, దేని గురించో పసిగడుతుంది, ఆ పేరున్న బుట్టలో పడేస్తుంది. సామాను బుట్ట, రంగుల బుట్ట, ఇరుగుపొరుగు బుట్ట, ఖాళీ ఇళ్ల బుట్ట. బుట్టలో పడిన మరుక్షణం రాసినవాళ్లకు జవాబు దానంతటదే వెళ్లిపోతుంది: 'మీ సూచన మాకు అందింది. ధన్యవాదాలు.' నెలాఖరున ఏ బుట్టలో ఎన్ని పడ్డాయో లెక్క రాసి మేనేజరమ్మకు ఇస్తుంది. ఆ లెక్కను పట్టుకునే ఆటలో మార్పులు చేస్తారు.

సోమవారం పొద్దున అందరినీ నిలబెట్టి మేనేజరమ్మ కబురు చెప్పింది. ఆటలో ఊళ్లు నిండిపోయాయి, స్థలం కోసం నలభైవేలమంది వరసలో ఉన్నారు. అందుకని కొత్త నిబంధన. ముప్పై రోజులపాటు సొంతదారు తలుపు తియ్యని ఇల్లు కూలిపోతుంది, సామాను మాయమవుతుంది, స్థలం వరసలో ముందున్నవాళ్లకు పోతుంది. గురువారం పొద్దున ఆరింటికి మొదటి విడత.

"ఇదేం మన పైత్యం కాదు," అంది మేనేజరమ్మ. "ఆడేవాళ్లే అడిగారు. ఆరువేల నాలుగువందల మంది ఖాళీ ఇళ్లు తీసెయ్యమన్నారు. లెక్క ఎవరిదనుకున్నారు? మన పోస్టమ్మది!"

చప్పట్లు కొట్టారు. పోస్టమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు మొహం మీద ఉండగానే అన్నయ్య గుర్తొచ్చాడు.

అన్నయ్య సరుకు ఓడలో ఇంజన్ మెకానిక్కు. ఎక్కితే ఆరు నెలలు నీళ్ల మీదే. రేవులో ఆగినప్పుడు తప్ప ఫోనుండదు, నెట్టుండదు. ఈ ఆటలో అతనికో ఇల్లుంది, నాలుగువేల నాలుగువందల పదిహేడో నంబరు. అది మామూలు ఇల్లు కాదు. నాన్నది బదిలీల ఉద్యోగం కావడంతో చిన్నప్పుడు పన్నెండేళ్లలో ఎనిమిది అద్దె ఇళ్లు మారారు. అన్నయ్య ఆ ఎనిమిదిళ్ల నుంచీ తలా ఒక గది ఏరుకొచ్చి, ఒకే ఇల్లుగా కట్టాడు. మూడో ఇంటి వంటగది, అందులో ఎవరికీ అందనంత ఎత్తున అలమర. ఐదో ఇంటి కిటికీ. ఆరో ఇంటి మెట్లు, ఒకటి విరిగినది విరిగినట్టే. నాలుగేళ్లు కట్టాడు. మేడమీది గది నీదేనే అన్నాడు చెల్లెలితో.

ఆమె నిదానం దగ్గరికి పరుగెత్తింది. నిబంధనను ప్రోగ్రామ్‌గా రాసింది అతనే. ఎవరేది అడిగినా 'నిదానంగా చూద్దాం' అంటాడు గనుక ఆ పేరు పడింది.

"గురువారం పడిపోయే ఇళ్ల జాబితా ఉందా?"

"ఉంది. పదకొండువేలు."

"నాలుగువేల నాలుగువందల పదిహేడు?"

అతను నిదానంగానే వెతికాడు. ఉంది. తలుపు చివరిసారి తెరిచి ఇవాళ్టికి ఇరవై ఎనిమిది రోజులు. గురువారానికి ముప్పై ఒకటి.

"నేను వెళ్లి తలుపు తీస్తే?"

"చుట్టాలు తీస్తే లెక్కలోకి రాదు పోస్టమ్మా. సొంతదారే తియ్యాలి."

సొంతదారు సముద్రం మధ్యలో ఉన్నాడు. వచ్చే రేవుకు ఇంకా నెలన్నర. అతని పాస్‌వర్డ్ మాత్రం ఆమె ఫోనులో ఉంది. ఓడెక్కేముందు తనే పంపించాడు, ఎప్పుడైనా పనికొస్తుందేమోనని. అయితే ఉద్యోగంలో చేరిన రోజునే సంతకం పెట్టించుకున్న కాగితంలో మూడో పంక్తి అదే: ఇతరుల ఖాతాలోకి వెళ్లిన ఉద్యోగిని అదే రోజు ఇంటికి పంపేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ రోజంతా ఆమె కుర్చీలో పట్టుమని పది నిమిషాలు కూర్చోలేదు. మంచినీళ్లకు లేచింది, తాగకుండా వచ్చింది. మెట్లు దిగింది, ఎందుకు దిగిందో మరిచిపోయి ఎక్కింది. ఓడల్లో పనిచేసేవాళ్లకూ ఆసుపత్రుల్లో ఉన్నవాళ్లకూ మినహాయింపు ఇమ్మని అడిగితే? అడగాలంటే అలాంటివాళ్లు ఎంతమందో చూపించాలి. సరే, ఖాళీ ఇళ్ల బుట్టలో ఒకళ్లో ఇద్దరో దొరక్కపోతారా అని, మంగళవారం పొద్దున ఆ బుట్ట తెరిచి ఉత్తరాలను మొదటిసారి చివరిదాకా చదవడం మొదలుపెట్టింది.

మొదటిది: 'మా వీధిలో ఖాళీ ఇళ్లు ఎక్కువయ్యాయి. తీసెయ్యండి.' బాగుంది.

రెండోది: 'ఖాళీ ఇళ్ల గురించి రాస్తున్నాను. నాకు పరీక్షలు, మూడు నెలలు రాలేను. దయచేసి నా ఇల్లు తియ్యకండి.'

మూడోది: 'మా వీధిలో ఒక ఇల్లు ఖాళీగా ఉంది. అది మా స్నేహితుడిది. వాడికి ఒంట్లో బాగాలేదు. వాడొచ్చేదాకా ముంగిట పూలకుండీలకు మేం నీళ్లు పోస్తున్నాం. ఎవరికీ ఇవ్వకండి.'

నాలుగోది: 'ఖాళీ ఇళ్లల్లో దెయ్యాలను పెట్టండి. సరదాగా ఉంటుంది.'

తియ్యమన్నవాళ్లూ, తియ్యొద్దన్నవాళ్లూ, దెయ్యాన్ని పెట్టమన్నవాళ్లూ అందరూ ఒకే బుట్టలో ఉన్నారు. ఉండరా మరి? ఉత్తరం దేని గురించో బుట్ట చెబుతుంది గానీ, ఏం అడిగారో చెప్పదు. పదకొండు నెలలుగా ఆమె దేని గురించో మాత్రమే చూసింది. ఆరువేల నాలుగువందలని తను రాసిన అంకెకు మేనేజరమ్మ 'తీసెయ్యమన్నారు' అనే మాట చేర్చింది. అది తప్పని ఆమెకు తట్టనేలేదు. చప్పట్లు కూడా కొట్టించుకుంది.

పదకొండువేల ఇళ్లు తన సోమరితనం వల్ల కూలబోతున్నాయి. అందులో అన్నయ్యది ఒకటి.

చెబితే? పర్మినెంటు సంగతి దేవుడెరుగు, ఉన్న ఉద్యోగానికే ఎసరు. చెప్పకుండా, ఆ ఒక్క తలుపూ దొంగచాటుగా తీసేస్తే? ఒక్క నిమిషం పని. ఎవరు చూస్తారు? మధ్యాహ్నం ఆమె పాస్‌వర్డ్ సగందాకా కొట్టింది కూడా. అంతలో నిదానం పక్కనుంచి పోతూ "టీ తాగుతావా?" అన్నాడు. తేలు కుట్టిన దొంగలా తెర మూసేసి, టీ మానేసి ఏడాదైందన్న సంగతే మరిచిపోయి, రెండు కప్పులు తాగింది.

సాయంత్రం ఇంటికొచ్చినా కాలు నిలవలేదు. ఇది వాళ్లకు పదకొండో అద్దె ఇల్లు. అమ్మ ఇప్పటికీ రెండు ట్రంకు పెట్టెలు విప్పదు, మళ్లీ కట్టాలి కదా అంటుంది. వాటి మధ్యనుంచే పోస్టమ్మ హాల్లోకీ వంటింట్లోకీ తిరుగుతోంది.

"ఏమైందే నీకు?" అంది అమ్మ.

"ఏం లేదమ్మా. ఆఫీసులో ఒక తప్పు చేశాను. నేను చెప్పకపోతే ఎవరికీ తెలీదు."

"ఎవరికీ తెలీనప్పుడు, నువ్వెందుకే అలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు?"

అమ్మ బట్టలు మడతపెడుతూ ఇంకో మాట అంది. "అన్నయ్య వెళ్లి నెలవుతోంది. వెళ్లేముందు నీకోసం ఎంతసేపు కూర్చున్నాడో. నువ్వేమో ఆఫీసు, ఆఫీసు."

ఆ మాట గోరుచుట్టు మీద రోకటిపోటులా తగిలింది. ఆ రోజు అన్నయ్య ఆట గురించి ఏదో మొదలుపెట్టాడు. ఆమె వినలేదు. 'పొద్దస్తమానం అవే ఇళ్లురా బాబూ, ఇంటికొచ్చాక కూడా అవేనా? చెప్పాలనుకున్నది అందరిలాగా ఆఫీసుకు రాసి పడెయ్' అంది. అతను నవ్వి ఊరుకున్నాడు.

బుధవారం పొద్దున అందరూ నిలబడి ఉండగానే చెప్పేసింది. ఏదీ దాచలేదు.

"మేడమ్, ఆ ఆరువేల నాలుగువందల మందీ తియ్యమనలేదు. తియ్యొద్దన్నవాళ్లూ అందులోనే ఉన్నారు. నేను చివరిదాకా చదవలేదు. ఇంకో సంగతి. పడిపోయే ఇళ్లలో మా అన్నయ్యది కూడా ఉంది. అది కూడా మీకు తెలియాలి."

మేనేజరమ్మ మొహం ఎర్రబడింది. "అన్నయ్య ఇల్లుంది కాబట్టి ఇప్పుడు లెక్క తప్పైందా?"

"కాదు మేడమ్. లెక్క మొదట్నించీ తప్పే. ఇల్లుంది కాబట్టి ఇప్పుడు చూశాను."

మేనేజరమ్మ గడియారం చూసింది. "సాయంత్రం ఆరింటిలోగా ఒక్కొక్కటీ చదివి, విడదీసి తీసుకురా. లెక్క తేలకపోతే రేపు నిబంధన ఆగదు. నీ సంగతి తర్వాత మాట్లాడదాం."

ఆరువేల నాలుగువందల ఉత్తరాలు, ఒక్క పగలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. కానీ నిదానం తన కుర్చీ లాక్కొచ్చి పక్కన కూర్చున్నాడు, వెనకే ఇంకో ఎనిమిది మంది. ఆ రోజు నిదానం వేగం చూసినవాళ్లు అతని పేరు మార్చాలన్నారు. తియ్యమన్నవి ఒక పక్క, తియ్యొద్దన్నవి ఒక పక్క, దెయ్యాలూ గుర్రాలూ వగైరాలు ఒక పక్క. మధ్యాహ్నానికే సంగతి అర్థమైపోయింది. తియ్యొద్దన్న పక్కే పెరుగుతోంది.

ఐదున్నర దాటాక, తన వాటాలో చివరి యాభైలో, పోస్టమ్మకు ఆ ఉత్తరం వచ్చింది. పంపినవారి ఇంటి నంబరు నాలుగువేల నాలుగువందల పదిహేడు. తేదీ, అన్నయ్య ఓడెక్కిన ముందురోజు.

'ఖాళీ ఇళ్ల గురించి ఒక మాట. నేను రేపు ఓడెక్కుతున్నాను, ఆరు నెలలకు గాని రాను. మా వీధి చివర స్థలం కోసం ఎదురుచూసేవాళ్లు చాలామంది ఉన్నారు. నా ఇల్లు ఎవరికైనా ఇచ్చెయ్యండి. ఇది మా చెల్లెలి కోసం కట్టాను. చిన్నప్పుడు ఇల్లు మారిన ప్రతిసారీ అది పాత గది కావాలని ఏడ్చేది. ఇప్పుడు దానికి తీరిక లేదు, వచ్చి ఏడాదైంది. దాని తప్పేం లేదు, మీ దగ్గరే పనిచేస్తుంది, పని ఎక్కువ. మేడమీది గదిలో దీపం వెలిగించే పెట్టాను. ఎవరూ రాని ఇంట్లో దీపం ఎందుకని ఇవాళ అనిపించింది. ఉంచగలిగితే వంటింట్లో అలమర ఒక్కటి ఉంచండి. దానికింద స్టూలు వేశాను, ఇప్పుడు అందుతుంది.'

పోస్టమ్మ రెండోసారి చదవలేకపోయింది. కళ్లనిండా నీళ్లు. రాసి పడెయ్యమంది కదా, రాశాడు. ఆమె మొదటి రెండు వాక్యాలు చూసి బుట్టలో వేసింది. ఆ క్షణమే జవాబు వెళ్లిపోయింది: 'మీ సూచన మాకు అందింది. ధన్యవాదాలు.' ఈ ఏడాదిలో ఆమె అన్నయ్యకు రాసిన ఉత్తరం అదొక్కటే.

"ఏ పక్క వెయ్యాలి?" అన్నాడు నిదానం, ఆమె తెర మీద చాలాసేపటి నుంచి కదలని ఉత్తరాన్ని చూసి.

ఆమె ముక్కు తుడుచుకుంది. "తీసెయ్యమన్న పక్క," అంది. ఆ పక్కే వేసింది.

ఆరింటికి లెక్క తేలింది. తియ్యమన్నవాళ్లు రెండువేల ఒకటి. తియ్యొద్దన్నవాళ్లు మూడువేల ఎనిమిదివందల పైచిలుకు. మేనేజరమ్మ రెండుసార్లు చూసి, నిదానాన్ని పిలిచి రేపటి విడత ఆపించింది. తర్వాత పోస్టమ్మ వైపు తిరిగింది.

"నీ పర్మినెంటు ఆరు నెలలు వెనక్కి పోయింది. ఇకమీద చివరిదాకా చదువు."

"చదువుతాను మేడమ్."

అందరూ వెళ్లిపోయారు. పోస్టమ్మ తన సొంత పేరుతో ఆటలోకి వెళ్లి, చుట్టంలా, నాలుగువేల నాలుగువందల పదిహేడో ఇంటి తలుపు తట్టింది. ఆమెకు తెరుచుకునేలా అన్నయ్య ఎప్పుడో పెట్టి ఉంచాడు. విరిగిన మెట్టును గుర్తుపెట్టుకుని దాటింది. మేడమీద దీపం వెలుగుతోంది. మూడు రోజులుగా నిలవని కాళ్లు అక్కడ నిలిచాయి. కిందికి దిగి, వంటింట్లో స్టూలెక్కి, అలమర తెరిచింది. అందులో ఏమీ లేదు. అందింది, అంతే.

ఫోను మోగింది. అమ్మ.

"ఎక్కడున్నావే? ఇంకా ఆఫీసులోనేనా?"

"కాదమ్మా," అంది ఆమె. "అన్నయ్య ఇంట్లో ఉన్నాను. కాస్త ఆలస్యమవుతుంది."